మెడికల్ జర్నల్‌కి పేపర్ పంపే ముందు: నెల్లూరు, ఒంగోలు పీజీలు తరచుగా అడిగే ప్రశ్నలు

థీసిస్ సబ్మిషన్ సీజన్ అయిపోగానే వాట్సాప్‌లో అవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తా ఉంటాయి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడ్తన్నా. అందరూ "సార్ నా ఇంగ్లీష్ బాలేదు" అని భయపడతారు గానీ నేను చూసినంతలో ఎడిటర్ దగ్గరే పేపర్ ఆగిపోయేది ఇంగ్లీష్ వల్ల తక్కువే. లెక్కలు కలవకపోవడం, ఎథిక్స్ కాగితాలు సరిగ్గా లేకపోవడం, పేర్ల గొడవ, వీటితోనే ఎక్కువ ఆగతాయి. అందుకని ఆ జవాబులే పొడుగ్గా ఉంటాయి, మిగతావి టకటకా చెప్పేస్తా.

థీసిస్ బైండింగ్ కూడా అయిపోయింది, అదే ఫైల్ కొంచెం కట్ చేసి పంపేయొచ్చా?

కట్ చేస్తే కుదరదు, మళ్లీ రాయాల్సిందే. థీసిస్ అనేది మీరు సబ్జెక్ట్ చదివారని యూనివర్సిటీకి చూపించే పుస్తకం, అందుకే రివ్యూ ఆఫ్ లిటరేచర్ అనాటమీ నుంచి మొదలుపెట్టి పేజీలకి పేజీలు పోతది. జర్నల్ ఎడిటర్‌కి ఆ సబ్జెక్ట్ ఆల్రెడీ తెలుసు. ఒరిజినల్ ఆర్టికల్‌కి చాలా జర్నల్స్ మూడు వేల పదాలు అటూ ఇటూగానే ఇస్తాయి, కాబట్టి థీసిస్‌లో ఐదారు ఆబ్జెక్టివ్స్ ఉన్నా పేపర్‌లోకి ఒకటి, మహా అయితే రెండు రావాలి.

కంప్యూటర్ తెరవకముందే మీ స్టడీ ఏ ప్రశ్నకి జవాబు చెప్పిందో ఒక్క వాక్యంలో, తెలుగులోనే, కాగితం మీద రాసుకోండి. "కావలి, ఆత్మకూరు సైడ్ నుంచి పాముకాటుతో వచ్చినోళ్లలో కిడ్నీ దెబ్బ తినేది ఎవరికి ఎక్కువ, లేటుగా ఆస్పత్రికి వచ్చినోళ్లకా కాదా", ఇట్టా. ఆ వాక్యం రాయలేకపోతన్నారంటే పేపర్‌కి ఇంకా టైం రాలేదని అర్థం. రాయగలిగితే మాత్రం ఆ ప్రశ్నకి సంబంధం లేని టేబుల్స్ అన్నీ మొహమాటం లేకుండా తీసేయండి, ఎంత కష్టపడి డేటా తీసినా సరే. ఇది థీసిస్ నుంచి వచ్చిన పేపర్ అని కవర్ లెటర్‌లో ఒక ముక్క రాయండి, దాచాల్సిన పనేం లేదు. కానీ ఒకే డేటాని నాలుగు ముక్కలు చేసి నాలుగు జర్నల్స్‌కి పంపే ఐడియా ఉంటే మానుకోండి, రివ్యూయర్లు (పేపర్ చదివి తప్పొప్పులు చెప్పే నిపుణులు) ఇట్టే పట్టేస్తారు.

ముందు పేపర్ రాయాలా, ముందు జర్నల్ చూసుకోవాలా?

జర్నల్. రెండు మూడు అనుకుని, ఒక్కోదాంట్లో గత ఏడాదిలో వచ్చిన ఆర్టికల్స్ లిస్ట్ చూడండి, మీ లాంటి స్టడీ ఒక్కటైనా ఉందో లేదో. తర్వాత ఆథర్లకి ఇచ్చే ఇన్‌స్ట్రక్షన్స్ పేజీ ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి. అబ్‌స్ట్రాక్ట్ 250 పదాలా 300 పదాలా, టేబుల్స్ ఎన్ని, రిఫరెన్సులు ఎన్ని, కేస్ రిపోర్ట్స్ తీసుకుంటారా లేదా, అన్నీ అందులోనే ఉంటాయి. కేస్ రిపోర్ట్ తీసుకోని జర్నల్‌కి కేస్ రిపోర్ట్ పంపి నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు ఇప్పటికీ ఉండారు.

డబ్బులు అడిగే జర్నల్స్ అన్నీ దొంగ జర్నల్సేనా?

కాదు. మంచి ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఫ్రీగా చదవగలిగే) జర్నల్స్ కూడా ఆర్టికల్ ఛార్జీలు తీసుకుంటాయి, డబ్బులు అస్సలు తీసుకోని మంచివి కూడా ఉండాయి. డబ్బు అడిగినంత మాత్రాన దొంగది కాదు, దొంగదైతే రివ్యూ చెయ్యకుండానే అడుగుతది. "రెస్పెక్టెడ్ డాక్టర్, గ్రీటింగ్స్ ఆఫ్ ది డే" అని మెయిల్ వచ్చి, మీరు ఆర్థోపెడిక్స్ అయినా గైనిక్ జర్నల్‌కి ఆర్టికల్ అడిగి, వారంలో పబ్లికేషన్ గ్యారంటీ అని వాట్సాప్ నంబర్ కూడా ఇస్తే ఇంకేం ఆలోచించక్కర్లా, డిలీట్ కొట్టండి. ఇది చిన్న విషయం కాదు సామీ, హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక పబ్లిషింగ్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

చెక్ చేసే పద్ధతి: స్కోపస్‌లో (జర్నల్స్ వివరాలుండే పెద్ద డేటాబేస్) ఉందని జర్నల్ వాళ్లు చెప్తే వాళ్ల సైట్‌లో లోగో చూసి నమ్మబాకండి, స్కోపస్ సోర్స్ లిస్ట్‌లోకి మీరే పోయి ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు) నంబర్ కొట్టి చూడండి, అప్పుడప్పుడు లిస్ట్‌లోంచి తీసేస్తా ఉంటారు. మెడ్‌లైన్ (మెడికల్ పేపర్ల డేటాబేస్) అయితే అమెరికా మెడికల్ లైబ్రరీ ఎన్‌ఎల్‌ఎం కేటలాగ్‌లో, ఓపెన్ యాక్సెస్ అయితే వాటి లిస్ట్ డీఓఏజేలో చూడండి. గూగుల్ స్కాలర్‌లో కనిపించడం ఇండెక్సింగ్ (ఇట్టాంటి లిస్టుల్లో ఉండటం) కిందకి రాదు. ఇంకో మోసం, పాత మంచి జర్నల్ పేరుతోనే నకిలీ సైట్ పెట్టి డబ్బులు లాగడం. పేరు అదే, ఐఎస్ఎస్ఎన్ అదే, సైట్ అడ్రస్ మాత్రం వేరు. అందుకే సైట్ లింక్ కూడా ఆ లిస్టుల్లోంచే తీసుకోండి.

మెడికల్ కాలేజీలో ప్రమోషన్ కోసం రాసేవాళ్లకి ఇంకోటి: 2020లో అప్పటి మెడికల్ కౌన్సిల్ (ఎంసీఐ) మార్చిన రూల్ ప్రకారం ఒరిజినల్ పేపర్లు, మెటా ఎనాలిసిస్, సిస్టమాటిక్ రివ్యూ, కేస్ సిరీస్ లెక్కలోకి వచ్చేవి, ఒంటరి కేస్ రిపోర్ట్ కాదు, అదీ మొదటి ముగ్గురు ఆథర్లలోనో కరెస్పాండింగ్ ఆథర్‌గానో (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే ఆథర్) ఉండాలి. ఈ రూల్స్ మారతా ఉంటాయి కాబట్టి ఎంసీఐ స్థానంలో వచ్చిన ఎన్‌ఎంసీ తాజా నోటిఫికేషన్ చదివాకే జర్నల్ ఫిక్స్ చేసుకోండి.

స్టడీ అయిపోయింది, ఎథిక్స్ లెటర్ ఇప్పుడు తీసుకోవచ్చా?

అయిపోయిన స్టడీకి వెనక డేట్‌తో అప్రూవల్ అనేది లేదు. ఎథిక్స్ కమిటీ (రీసెర్చ్‌లో పేషెంట్లకి అన్యాయం జరక్కుండా చూసే కమిటీ) ఇవ్వకూడదు, మీరు అడగకూడదు. పాత కేస్ షీట్లు తీసి చేసే రెట్రోస్పెక్టివ్ స్టడీ అయినా సరే, డేటా తీయడం మొదలుపెట్టకముందే కమిటీకి పోవాలి, వాళ్లు కన్సెంట్ (పేషెంట్ ఒప్పుదల) మినహాయింపు ఇస్తే ఆ మాట కూడా మెథడ్స్‌లో రాయాలి. కమిటీ పేరు, అప్రూవల్ నంబర్, తేదీ, మూడూ. ఎడిటర్ మొదట చూసేది ఆ తేదీనే, మొదటి పేషెంట్‌ని చేర్చుకున్న తేదీ దానికంటే ముందుంటే కథ అక్కడికే అయిపోయింది.

ట్రయల్ అయితే సీటీఆర్ఐలో (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే రిజిస్టర్ అయితేనే తీసుకుంటారు. రిజిస్ట్రేషన్‌కి రూపాయి ఖర్చు లేదు, వాళ్లు అడిగే ప్రశ్నలకి జవాబులు పెట్టుకుంటా పోవడానికి మాత్రం టైం పడతది, ముందే మొదలెట్టండి.

నెల్లూరు పొగతోటలో సొంత క్లినిక్ పెట్టుకున్న డాక్టర్లు అడిగేది ఏందంటే, మాకు కమిటీ యాడ ఉండాది అని. మీకు కమిటీ లేకపోతే దగ్గరలో రిజిస్టరైన కమిటీ ఉన్న సంస్థతో ఒప్పందం రాసుకుని మీ స్టడీని వాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. 2019 రూల్స్ వచ్చాక బయోమెడికల్ రీసెర్చ్ చూసే కమిటీలు కూడా డీహెచ్ఆర్ (కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం) దగ్గర రిజిస్టర్ కావాలి, ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి కనుక్కోండి.

పేషెంట్ ఫొటోలో కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే చాలు కదా?

చాలదు. ఐసీఎంజేఈ (మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) వాళ్లు స్పష్టంగా చెప్పారు, కళ్లు కప్పినంత మాత్రాన మనిషిని గుర్తుపట్టకుండా పోరని. రాతపూర్వక కన్సెంట్ కావాలి, పేషెంట్‌కి వచ్చిన భాషలో, అంటే మన దగ్గర తెలుగులో చదివి వినిపించి, పేపర్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చని చెప్పి తీసుకోవాలి. కొన్ని జర్నల్స్‌కి వాళ్ల సొంత కన్సెంట్ ఫారం ఉంటది, డిశ్చార్జ్ అయ్యే లోపే సంతకం పెట్టించుకోండి, తర్వాత ఫోన్ నంబర్ పనిచెయ్యదు, మనిషి దొరకడు.

ఫొటో లేకపోయినా గుర్తుపట్టేస్తారు. కనిగిరి మండలంలో ఫలానా ఊరు, 58 ఏళ్లు, కల్లు గీసే ఆయన, నడవలేని స్థితిలో ఫలానా నెలలో వచ్చాడు అని రాస్తే ఆ ఊరోళ్లందరికీ ఎవరో తెలిసిపోద్ది. ఊరి పేరు తీసేయండి, వయసు యాభైల్లో అనండి, వృత్తి జబ్బుకి సంబంధం ఉంటేనే ఉంచండి.

ఎక్స్‌రేలతో ఇంకో తంటా. ఫిల్మ్ మూలలో పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్ ఉంటాయి, మనం వర్డ్‌లోనో పవర్‌పాయింట్‌లోనో క్రాప్ చేసి పోయిందనుకుంటాం, కానీ క్రాప్ చేసిన భాగం ఫైల్ లోపల అట్టే ఉంటది, ఎడిటర్ బొమ్మ మీద నొక్కి లాగితే పేరు మళ్లీ బయటకొస్తది. బొమ్మని విడిగా ఇమేజ్ ఎడిటర్‌లో కోసి, కొత్త ఫైల్‌గా సేవ్ చేసి, దాన్ని పంపండి. వాట్సాప్‌లో ఫొటోగా తెప్పించుకుంటే సైజు నలిగిపోద్ది, డాక్యుమెంట్‌గా తెప్పించుకోండి. 300 డీపీఐ అడిగారని చిన్న బొమ్మకి నంబర్ మారిస్తే క్లారిటీ రాదు, ఒరిజినలే పెద్దది ఉండాలి.

ఎవరెవరి పేర్లు పెట్టాలి? హెచ్ఓడీ పేరు తప్పదా?

ఈ ప్రశ్న మాత్రం అందరూ గొంతు తగ్గించి అడుగుతారు. ఐసీఎంజేఈ నాలుగు షరతులు పెట్టింది: స్టడీ ఆలోచనలోనో డేటాలోనో ఎనాలిసిస్‌లోనో గట్టి పని చేసుండాలి, పేపర్ రాయడమో సీరియస్‌గా దిద్దడమో చేసుండాలి, చివరి వెర్షన్‌కి ఓకే చెప్పుండాలి, రేపు ఏదన్నా తేడా వస్తే జవాబు చెప్పడానికి రెడీగా ఉండాలి. నాలుగూ ఉంటేనే ఆథర్. డిపార్ట్‌మెంట్ హెడ్ కాబట్టి, కేస్ వాళ్ల యూనిట్‌లో ఉంది కాబట్టి, మనకి లీవ్ ఇచ్చారు కాబట్టి అనేవి లెక్కలోకి రావు. అట్టాంటోళ్లకి అక్నాలెడ్జ్‌మెంట్ ఉండాది, అక్కడ పేరు వేసేముందు వాళ్ల పర్మిషన్ తీసుకోండి.

మరి వాస్తవంలో ఎట్టా? పీజీకి హెచ్ఓడీతో గొడవ పెట్టుకునే ఓపిక ఉండదు, నేనూ పెట్టుకోమని చెప్పను. నేను చెప్పే ఉపాయం, వాళ్లని నిజంగా ఆథర్‌ని చేసేయండి. డ్రాఫ్ట్ పట్టుకుపోయి "సార్, డిస్కషన్ మీరు దిద్దితే బాగుంటది" అని ఇవ్వండి. దిద్దితే అర్హత వచ్చినట్టే, పేపర్ కూడా బాగుపడుద్ది. దిద్దే టైం లేదంటే వాళ్లంతట వాళ్లే తప్పుకునే ఛాన్స్ ఉంది, పెద్దోళ్లలో చాలామంది మర్యాదగా అడిగితే అర్థం చేసుకుంటారు. పేర్ల వరస మాత్రం రాయడం మొదలెట్టకముందే అందరికీ మెయిల్ పెట్టి ఖరారు చేసుకోండి. సబ్మిట్ చేశాక పేరు చేర్చాలన్నా తీయాలన్నా అందరి సంతకాలు, కారణం, ఎడిటర్ ప్రశ్నలు, పెద్ద తలనొప్పి.

మన పేర్ల సంగతి కూడా చూసుకోవాలి. ఇంటిపేరు ముందు రాస్తాం, ఒక సర్టిఫికెట్‌లో పొట్టి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి పేరు. సబ్మిషన్ ఫారంలో లాస్ట్ నేమ్ గడిలో మీరు ఏది పెడితే పబ్‌మెడ్‌లో (మెడికల్ పేపర్లు వెతికే సైట్) జీవితాంతం అదే ఇంటిపేరు. మొదటి పేపర్‌లో పెంచలయ్య లాస్ట్ నేమ్ అయ్యి రెండో పేపర్‌లో ఇంటిపేరు లాస్ట్ నేమ్ అయితే ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు. ఒకటి ఫిక్స్ చేసుకుని ఓర్కిడ్ ఐడీ (రీసెర్చ్ చేసేవాళ్ల గుర్తింపు నంబర్) తీసుకోండి, 16 అంకెలు, ఫ్రీ. కరెస్పాండింగ్ ఆథర్ మెయిల్ కాలేజీ వదిలినా పనిచేసేది పెట్టండి.

స్టాటిస్టిక్స్ చేసిచ్చారు, టేబుల్స్ కాపీ చేసి పెట్టేశా. ఇంకేం చూడాలి?

అన్నీ చూడాలి, పేపర్లు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఒక కాగితం మీద మీ పేషెంట్ల సంఖ్యని మొదటి నుంచి చివరి దాకా రాసుకుంటా రండి. ఉదాహరణకి మెథడ్స్‌లో 120 మంది అన్నారు, టేబుల్ ఒకటిలో మగవాళ్లు 70, ఆడవాళ్లు 48, కూడితే 118, అబ్‌స్ట్రాక్ట్‌లో మళ్లీ 120, డిస్కషన్‌లో 112. ఆ ఇద్దరు ఏమయ్యారు, ఆ ఆరుగురు యాడ పోయారు? సమాధానం ఉండే ఉంటది, ఇద్దరు లామాలో (డాక్టర్ వద్దన్నా) వెళ్లిపోయారు, ఆరుగురికి ఫాలోఅప్ క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) లేదు. ఆ మాటే రాయండి. ఎంతమందిని చూశారు, ఎంతమందిని ఎందుకు తీసేశారు, ఎంతమంది మిగిలారు అని ఒక ఫ్లో బొమ్మ వేస్తే రివ్యూయర్‌కి సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

తర్వాత పీ వాల్యూ, అంటే నిజంగా తేడా ఏం లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంకా ఎక్కువ, ఊరికే కనిపించే అవకాశం. ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ ఔట్‌పుట్‌లో .000 అని వస్తది, దాన్ని అట్టే తెచ్చి పీ = 0.000 అని పెడతారు, అట్టా ఉండదు, పీ < 0.001 అని రాయాలి. మిగతా చోట్ల "సిగ్నిఫికెంట్", "నాట్ సిగ్నిఫికెంట్" అని వదిలేయకుండా 0.03, 0.21 అని అసలు సంఖ్య ఇవ్వండి, దాంతో పాటు తేడా ఎంతో, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో) ఎంతో ఇవ్వండి. చాలా జర్నల్స్ ఇప్పుడు పీ ఒక్కటే ఉంటే ఒప్పుకోవు.

ఆస్పత్రిలో ఉన్న రోజులు సగటు 6, ఎస్‌డీ (సగటు నుంచి డేటా ఎంత చెదిరిందో చెప్పే కొలత) 7 అని రాశారనుకోండి. అంటే కొంతమంది మైనస్ రోజులు ఉన్నట్టు లెక్క! అట్టా వచ్చిందంటే డేటా ఒకవైపుకి లాగి ఉందని అర్థం, మీడియన్ (మధ్య విలువ), ఇంటర్‌క్వార్టైల్ రేంజ్ (మధ్యలో సగం మంది ఉండే పరిధి) ఇవ్వాలి. 23 మందిలో 7 మందికి 30.43 శాతం అని రెండు దశాంశాలు అక్కర్లేదు, 7/23 అని ముందు రాసి పక్కన 30 శాతం అనండి. సీరం క్రియాటినిన్ 1.8372 అని ఏ ల్యాబూ ఇవ్వదు.

చివరగా, టేబుల్‌లో ఉన్నదంతా రిజల్ట్స్‌లో మళ్లీ వాక్యాలుగా రాయబాకండి. ముఖ్యమైన రెండు మూడు సంఖ్యలు చెప్పి మిగతాది టేబుల్‌కి వదిలేయండి. ఆ టేబుల్ కూడా వర్డ్‌లో టేబుల్‌గానే ఉండాలి, స్క్రీన్‌షాట్‌గా కాదు.

స్ట్రోబ్, కన్సార్ట్ అంటే ఏంది, తప్పనిసరా?

పేపర్‌లో ఏమేం రాయాలో చెప్పే చెక్‌లిస్టులు. అబ్జర్వేషనల్ స్టడీకి స్ట్రోబ్, రాండమైజ్డ్ ట్రయల్‌కి కన్సార్ట్, సిస్టమాటిక్ రివ్యూకి ప్రిస్మా, కేస్ రిపోర్ట్‌కి కేర్. అన్నీ ఈక్వేటర్ నెట్‌వర్క్ సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. కన్సార్ట్‌కి 2025లో కొత్త వెర్షన్ వచ్చింది, పాతది నింపబాకండి. చాలామంది సబ్మిట్ చేసే రోజు రాత్రి పేజీ నంబర్లు వేసి పెడతారు, నా సలహా అయితే స్టడీ ప్రోటోకాల్ రాసేటప్పుడే దాన్ని పక్కన పెట్టుకోమని, అప్పుడైతే వదిలేసిన డేటా ఇంకా తీసుకోవచ్చు.

మా స్టడీ ప్రకాశం, నెల్లూరు జిల్లాల మీద. జిల్లా గురించి ప్రత్యేకంగా ఏమన్నా రాయాలా?

మంచి ప్రశ్న, ఎవరూ అడగరు గానీ. కందుకూరునే తీసుకోండి, 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చినప్పుడు అందులోకి పోయింది, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. మీ డేటా 2021 నుంచి 2023 దాకా ఉంటే "నెల్లూరు జిల్లా పేషెంట్లు" అంటే ఏ నెల్లూరు జిల్లా? పైగా జనాభా లెక్క 2011 సెన్సస్‌ది పెడతారు, అది పాత సరిహద్దులది. పైన పేషెంట్లు కొత్త జిల్లావాళ్లు, కింద జనాభా పాత జిల్లాది, రేటు తప్పు వస్తది. మండలాల వారీగా లెక్కేసి, ఏ తేదీ నాటి సరిహద్దులో మెథడ్స్‌లో ఒక వాక్యం రాసేయండి. కాలేజీ పేరు కూడా ఆథర్లందరికీ ఒకే స్పెల్లింగ్‌లో ఉండాలి.

ఫ్లోరోసిస్ మీద రాస్తున్నాం, ఎంత పాత రిఫరెన్సులు పెట్టొచ్చు?

ఐదేళ్ల లోపువే ఉండాలని ఎవరో చెప్పారని మంచి పాత పేపర్లు తీసేయబాకండి. మన దేశంలో ఫ్లోరోసిస్ కథ మొదలైందే మన దగ్గర. 1937లో షార్ట్, ఆయన తోటివాళ్లు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. దాన్ని కోట్ చేయండి, కానీ ఇంకొకరి పేపర్‌లో రిఫరెన్స్ లిస్ట్ చూసి ఎత్తి పెట్టడం కాదు, లైబ్రరీ ద్వారా అసలు పేపర్ తెప్పించి చదివి పెట్టండి. ఒకరి నుంచి ఒకరు కాపీ కొట్టుకుంటా పోతే పేజీ నంబర్లు, ఇనిషియల్స్ తప్పులు కూడా అట్టే వస్తాయి.

నీళ్లలో ఫ్లోరైడ్ పరిమితి రాసేటప్పుడు ఎవరి లిమిటో చెప్పండి. డబ్ల్యూహెచ్ఓ గైడ్‌లైన్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. మన బీఐఎస్ (దేశ ప్రమాణాల సంస్థ) స్టాండర్డ్‌లో 1.0, వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 దాకా. ఏది కటాఫ్‌గా తీసుకుంటే ఎన్ని బోర్లు "ఎక్కువ" లెక్కలోకి వస్తాయో మారిపోద్ది కదా.

రిఫరెన్స్ స్టైల్ ఎక్కువ మెడికల్ జర్నల్స్‌లో వాంకూవర్: వచ్చిన వరసలో నంబర్లు, మామూలుగా ఆరుగురు ఆథర్ల దాకా పేర్లు రాసి తర్వాత ఎట్ ఆల్. చేత్తో చేయబాకండి, రిఫరెన్సులు సర్దిపెట్టే జోటెరో సాఫ్ట్‌వేర్ ఫ్రీ.

ఛాట్‌జీపీటీతో ఇంగ్లీష్ దిద్దించుకోవచ్చా?

చాలా జర్నల్స్ ఒప్పుకుంటాయి, వాడినట్టు చెప్పాలి అంతే. ఐసీఎంజేఈ 2023లోనే చెప్పింది, ఏఐని ఆథర్‌గా పెట్టకూడదు, వాడితే ఎక్కడ ఎట్టా వాడారో రాయాలి అని. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగబాకండి, లేని పేపర్లని ఉన్నట్టు అచ్చంగా పుట్టిస్తది, ప్రతిదీ పబ్‌మెడ్‌లో వెతికి చూడాల్సిందే. పేషెంట్ వివరాలు అందులో పేస్ట్ చేయడం అసలు వద్దు. ఇంకో మాట, చిన్న చిన్న వాక్యాల్లో మీరే సాదాగా రాస్తే మెథడ్స్, రిజల్ట్స్‌కి పెద్ద ఇంగ్లీష్ అక్కర్లేదు. ఏం చేశామో అది చెప్పడమేగా.

ప్లేజియరిజం (ఇంకొకరి రాతలు కాపీ) ఎంత శాతం ఉండొచ్చు?

యూజీసీ 2018 రూల్స్‌లో పది శాతం దాకా శిక్ష లేదు, థీసిస్‌కైనా పేపర్‌కైనా. జర్నల్ ఎడిటర్ శాతం కన్నా ఎక్కడ మ్యాచ్ అయిందో చూస్తాడు. మెథడ్స్‌లో ల్యాబ్ పద్ధతి కలిస్తే పెద్దగా పట్టించుకోరు, డిస్కషన్‌లో పేరాకి పేరా ఇంకొకరిది ఉంటే ఐదు శాతమైనా రిజెక్టే.

ఒకేసారి రెండు జర్నల్స్‌కి పంపితే?

వద్దు. రెండూ యాక్సెప్ట్ అయితే రెండు చోట్లా బ్లాక్‌లిస్ట్ అయ్యే పరిస్థితి. ఒకచోట విత్‌డ్రా చేసుకుని, వాళ్లు ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చాకే ఇంకోచోటికి.

సబ్మిట్ చేసే రోజు ఏమేం రెడీగా ఉండాలి?

టైటిల్ పేజీ విడిగా, ఎందుకంటే బ్లైండ్ రివ్యూ (రాసిందెవరో రివ్యూయర్‌కి తెలియనివ్వని పద్ధతి) అయితే మెయిన్ ఫైల్‌లో మీ పేరు, కాలేజీ పేరు ఎక్కడా ఉండకూడదు. మెథడ్స్‌లో "నెల్లూరులోని మా కాలేజీలో" అని పేరుతో సహా రాసుంటే అది కూడా తీయాలి, వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో ఆథర్ పేరు కూడా. డబుల్ స్పేసింగ్, లైన్ నంబర్లు. బొమ్మలు విడి ఫైళ్లు. ఎథిక్స్ లెటర్ స్కాన్, కాపీరైట్ ఫారం మీద అందరి సంతకాలు. ఈ సంతకాలకే వారం పడతది, ఒకాయన ఒంగోలులో, ఒకామె ఫెలోషిప్‌లో, ఒకరు ఫోన్ ఎత్తరు. కవర్ లెటర్ అర పేజీ చాలు, ఏం కనుక్కున్నాం, మీ జర్నల్ చదివేవాళ్లకి ఎందుకు పనికొస్తది, ఇంకెక్కడా పంపలేదు, అంతే. ఎడిటర్‌ని పొగడబాకండి.

రివ్యూయర్ కామెంట్స్ చూస్తే ఏడుపొస్తాంది, ఏం చేయాలి?

మేజర్ రివిజన్ వచ్చిందంటే శుభవార్త, పేపర్ మీద వాళ్లకి ఆసక్తి ఉంది. రెండు రోజులు పక్కన పెట్టండి, తర్వాత ఒక్కో కామెంట్‌ని కాపీ చేసి కింద జవాబు, ఏ పేజీ ఏ లైన్‌లో మార్చారో రాయండి. ఒప్పుకోనక్కర్లేని కామెంట్‌కి ఒప్పుకోబాకండి, కారణం చెప్పి మర్యాదగా కాదనండి. కొత్తగా ఎనాలిసిస్ అడిగితే ఇంకోసారి అన్ని సంఖ్యలూ అబ్‌స్ట్రాక్ట్ నుంచి టేబుల్స్ దాకా కలుస్తున్నాయో లేదో చూసుకోండి, రివిజన్‌లో ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోవడం మామూలే.

రిజెక్ట్ అయితే వచ్చిన కామెంట్స్‌లో పనికొచ్చేవి సరిచేసి, ఇంకో జర్నల్ ఫార్మాట్‌లోకి మార్చి పంపండి. కవర్ లెటర్‌లో పాత జర్నల్ పేరు అట్టే వదిలేసి పంపినోళ్లు బోలెడుమంది ఉండారు, అది ఒక్కటి చూసుకోండి.